పెద్ద స్వామి నడికట్టు

1978 జులై 2, ఆదివారం. ఆళ్లగడ్డ

ఈ రోజు ఒక కొత్త మాట దొరికింది. మోన్సిన్యోర్.

ఆర్.సి.ఎం. గుడిలో, అంటే రోమన్ కాథలిక్కుల గుడిలో, ఫాదర్ రాయప్ప గారికి సన్మానం జరిగింది. మేము ప్రొటెస్టంట్లం, ఇంగ్లీషు మిషన్ వాళ్లం, మామూలుగా ఆ గుడి గడప తొక్కం. ఈసారి పిలుపు వచ్చింది కాబట్టి నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలోనే కూర్చున్నాడు. అక్క కోసం కూర్చున్నాడని అందరికీ తెలుసు.

రోము నుంచి పాపుగారు, అంటే పోపు, ఫాదర్ గారికి ఈ బిరుదు ఇచ్చారట. కర్నూలు నుంచి వచ్చిన ఇంకో ఫాదర్ ఉపన్యాసంలో వివరించారు. అది ఇటలీ మాట. ‘నా ప్రభువు’ అని అర్థం. నేను అరచేతి మీద రాసుకున్నాను, చెమటకు సగం పోయింది. మోన్సిన్యోర్లలో తరగతులున్నాయట, రాయప్ప గారిది ‘పాపుగారి చాప్లెయిన్’ అనే తరగతి. దీనివల్ల ఆయనకు కొత్త గుడి రాదు, జీతం పెరగదు, ఇంతకు ముందు లేని అధికారం ఏదీ రాదు. పిలుపు మారుతుంది. తెల్ల అంగీ మీద నడుముకు ఊదా రంగు పట్టీ కట్టుకోవచ్చు. అంతే.

ఇన్నాళ్లూ పదవి, హోదా, బిరుదు ఒకటే అనుకుని ఏది నోటికొస్తే అది వాడేదాన్ని. పదవికి పని ఉంటుంది. హోదాకు మెట్టు ఉంటుంది. బిరుదుకు ఏమీ లేదు, పేరు ముందు నిలబడటం తప్ప. అయినా దాని కోసం ఇంతమంది వచ్చారు.

మోన్సిన్యోర్ అని ఎవరికీ నోరు తిరగలేదు. సారమ్మత్త “పెద్ద స్వామి” అనేసింది. భోజనాల వేళకు పేటంతా అదే మాట.

సారమ్మత్త మత్తయి వాళ్లమ్మ, చాగలమర్రి నుంచి ఈ గుడికే వస్తుంది. మత్తయి చాగలమర్రిలో కరెంటు లైన్‌మన్. అక్కా అతనూ ఆళ్లగడ్డ హైస్కూల్లో చదివేటప్పటి నుంచే ఒకరికొకరు ఇష్టం. రెండేళ్లుగా సారమ్మత్త ఒకటే మాట. ఇంగ్లీషు మిషన్ పిల్ల వద్దు, తోడికోడలు నవ్వుతుంది. ఆ తోడికోడలు కూతురి పెళ్లి మేత్రాణులే వచ్చి చేశారు. మేత్రాణులు అంటే వాళ్ల బిషప్పు.

ఈ రోజు ఆకు ముందు కూర్చున్న నాయన దగ్గరకు వచ్చి నిలబడింది.

“శాంతయ్యప్పా, మీ పాపను చేసుకుంటాంలే. ఐతే ఒగటి. పెద్ద స్వామే చేయాల పెండ్లి. ఆ నడికట్టు కట్టుకోని గుడి వాకిట్లో మావాండ్లను ఎదుర్కోవాల. చాగలమర్రోళ్ళు కండ్లారా చూడాల.”

“పెండ్లి చేసేది ఫాదరా, నడికట్టా సారమ్మా?” అన్నాడు నాయన.

“రెండూ.”

అక్క అన్నం రెండోసారి పెట్టించుకుంది.

జులై 3, సోమవారం. నంద్యాల

మూలసాగరంలో మా గదికి తిరిగొచ్చాం. అక్కకు బడి, నాకు కాలేజీ. నేను ఇంటర్ రెండో సంవత్సరం.

పెళ్లి దసరా సెలవుల్లో, అక్టోబరు పదకొండున. తర్వాత అక్క చాగలమర్రికి పోతుంది, అక్కడి బడికి బదిలీ అడుగుతుంది. నన్ను హాస్టల్లో చేరుస్తారట. హాస్టల్ నుంచి లైబ్రరీ దగ్గర. మంచిదే.

అమ్మ చనిపోయినప్పుడు నేను నాలుగో తరగతి. ఇది ఎందుకు రాశానో తెలియదు.

జులై 19

‘ఉబుసుపోక’ అనే మాట మీద సాయంత్రమంతా గడిచింది. అక్క పెళ్లిచీర చూడటానికి పోయింది. రమ్మంది. నేను పోలేదు.

ఆగస్టు 7, సోమవారం

నిన్న రోములో పాపుగారు చనిపోయారని రేడియోలో చెప్పారు.

ఆగస్టు 10

కాన్వెంటులో సిస్టర్ ఫిలోమినా నాకు లైబ్రరీ బీరువా తాళం తీసి ఇస్తుంది. మిషన్ వేరైనా చదివే పిల్ల చదవాలి అంటుంది. ఈ రోజు అట్ట చెదలు తిన్న లావు పుస్తకం ఒకటి తీశాను. మతానికి సంబంధించిన మాటలన్నీ అకారాదిగా ఉన్నాయి. మోన్సిన్యోర్ కూడా ఉంది.

ఎంత వింత విషయమో! ఈ బిరుదు ఉన్నవాళ్లలో ఒక తరగతి వాళ్లను పాపుగారి సొంత ఇంటి పరివారంగా లెక్కిస్తారట. ఆయన చనిపోతే ఇల్లు రద్దవుతుంది, పరివారమూ రద్దవుతుంది, బిరుదూ పోతుంది. కొత్త పాపుగారు మళ్లీ ఇస్తేనే. అది చాప్లెయిన్ల తరగతే. పేరు కొంచెం వేరుగా ఉంది, పాత పేరు అయ్యుంటుంది.

ఇచ్చిన మనిషితో పాటు చచ్చిపోయే మాట! ఇలాంటిది ఇంకో భాషలో ఉందా? ఆ ఇంగ్లీషు వాక్యాన్ని కంఠస్థం చేశాను.

సిస్టర్ “ఆ పుస్తకం నేను పుట్టకముందుది, లూదియా” అంది. పాతదైతేనేం. మాటల మూలాలు పాత పుస్తకాల్లోనే దొరుకుతాయి.

ఆగస్టు 15, మంగళవారం. ఆళ్లగడ్డ

పొద్దున నాయన బడిలో జెండా. తర్వాత ఆర్.సి.ఎం. గుడిలో మరియమ్మ పండుగకు అక్కతో పోయాను. ఫాదర్ గారు నడికట్టు లేకుండా వచ్చారు.

పూజ అయ్యాక వాకిట్లో సారమ్మత్త నన్ను పట్టుకుంది. “ఏందీ, పెద్ద స్వామి నడికట్టు ల్యాకుండా వచ్చినాడు? ఉతకనేసినారా?”

అడిగింది కాబట్టి చెప్పాను. “అది ఇంక ఉండదత్తా. ఇచ్చిన పాపుగారు పోయినారు గదా, ఆయనతోనే పోతాది. కొత్తాయన మల్ల ఇస్తేనే.”

“ఎవురు చెప్పినారు?”

“పుస్తకంలో ఉంది. ఇంగ్లీషు పుస్తకం.”

పక్కనే చుట్ట చుట్టుకుంటున్న సంజీవయ్య తాత బాగా అర్థమైనట్టు తలూపాడు. “ముఖ్యమంత్రి దిగితే మంత్రులు ఇండ్లకు పోయినట్ల. కరెక్టే.”

నేను అదే వాక్యాన్ని ఇంగ్లీషులో కూడా చెప్పాను. చుట్టూ చేరిన వాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. సారమ్మత్త మాత్రం వినలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. “మల్ల పెండ్లి?” అంది, నన్ను కాదు, ఎవరినీ కాదు.

అక్క నా మోచేయి గిల్లింది.

బస్సులో అంది, “అడిగిందానికంతా చెప్పాల్నా నువ్వు?”

“తెలిసి తెలియదని చెప్పమంటావా?”

“అవును.”

తెలిసి తెలియదనడం అబద్ధం. అక్క టీచరు అయ్యుండి ఇలా అంటుందని అనుకోలేదు.

ఆగస్టు 27

కొత్త పాపుగారిని ఎన్నుకున్నారు. సారమ్మత్త అప్పుడే కబురు పంపింది, ఆయన ఇచ్చినాడా ల్యాదా అని.

సెప్టెంబరు 10, ఆదివారం

మత్తయి బావ నంద్యాల వచ్చాడు. బాగా నలిగిన మొహం. అక్క టీ ఇచ్చింది, అతను తాగకుండా గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

“మాయమ్మ ఒగ మాట అంటాంది. పెద్ద స్వామికి మల్ల వచ్చేదాంక ఆగుదామని.”

“ఎన్నాళ్ళు?”

“ఆయమ్మకు మాత్రం ఏం తెల్సు? రోములో యాడో ఉండాది ఆ దస్తావేజు.”

“నువ్వేమంటావ్?”

“నేనేమంటా? చాటింపులు మొదలుపెట్టమని ఫాదర్‌కు చెప్పేసి వచ్చినా. మూడూ అయ్యేలోగా ఆమే మెత్తబడతాది.”

“మెత్తబడకపోతే?”

బావ టీ తాగాడు.

వాళ్ల గుడిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు జంట పేర్లు చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పాలని. అదే చాటింపు. మేము వేరే మిషన్ కాబట్టి కర్నూలు మేత్రాణుల అనుమతి కూడా కావాలి, అది పోయిన నెలే వచ్చింది. అంటే ఫాదర్ గారికి బిరుదు ఉన్నా లేకున్నా పెళ్లికి అడ్డేమీ లేదు. అడ్డమల్లా సారమ్మత్త. తల్లి లేకుండా పెళ్లి చేసుకోనని బావ ముందే అక్కకు చెప్పి ఉన్నాడు.

సెప్టెంబరు 13, బుధవారం

సిస్టర్ ఫిలోమినా కర్నూలులో ధ్యానకూటానికి పోయి ఈ రోజు వచ్చింది. నన్ను చూడగానే నవ్వింది. “లూదియా, నీ పుస్తకం ఓడిపోయింది. మేత్రాణుల ఇంట్లో అడిగాను. ఆ పాత నియమం తీసేశారు. పాపుగారు పోయినా చాప్లెయిన్ల బిరుదు పోదు. మీ రాయప్ప గారు మోన్సిన్యోరే.”

నేను విన్నాను.

కానీ ఇది నోటిమాట. ఆమెకు ఎవరో చెప్పారు, ఆమె నాకు చెప్పింది. అచ్చులో చూడకుండా నమ్మడం చదువుకున్న వాళ్ల లక్షణం కాదు. ఒకసారి తొందరపడి చెప్పినందుకు అక్క తిట్టింది కూడా.

సెప్టెంబరు 14

పరీక్షలు దగ్గరకొచ్చాయి.

సెప్టెంబరు 17, ఆదివారం

ఆళ్లగడ్డలో మొదటి చాటింపు. అక్క పోయింది. నేను చదువుకున్నాను. ‘నిలకడ’, ‘నిలుపుదల’, ‘నిలవ’. ఒకే వేరు నుంచి ఎన్ని కొమ్మలు!

సెప్టెంబరు 20

సిస్టర్ దగ్గరకు పోయి అచ్చు కాగితం ఏదైనా ఉందా అని అడగాలి. ఈ వారం తీరిక లేదు.

సెప్టెంబరు 24, ఆదివారం

రెండో చాటింపు అయ్యింది. అవగానే సారమ్మత్త ఫాదర్ గారి దగ్గరకు పోయి మూడోది చదవొద్దని చెప్పిందట. తోడికోడలు అప్పుడే అడుగుతోందట, పెద్ద స్వామి చిన్న స్వామి అయినాడంట గదా అని.

అక్క మధ్యాహ్నం బస్సులో వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. జ్వరమా అని అడిగాను. కాదంది. భుజం కదులుతోంది. నేను అన్నం వండాను. తినలేదు.

పెళ్లి ఆగిపోతే అక్కకు మంచిదే కావచ్చు. ఇప్పుడే ఇంత పట్టుపట్టే అత్త రేపు ఎలా చూసుకుంటుంది? ఇది అక్క మేలు కోరే ఆలోచిస్తున్నాను.

సెప్టెంబరు 27, బుధవారం. ఆళ్లగడ్డ

అక్క సెలవు పెట్టింది. నన్నూ తోడు రమ్మంది. ఫాదర్ గారి ఇంటికి పోయాం.

ఆయన బనియను మీద తువ్వాలు వేసుకుని చిక్కుడు పాదుకు పందిరి వేస్తున్నారు. “రాండి పాపా, ఈ కొస పట్టుకోండి” అని మా ఇద్దరికీ తాడు అందించారు. అక్క తాడు పట్టుకునే అడిగింది.

“ఫాదర్ గారూ, మూడోది చదువుతారా, చదవరా?”

“సారమ్మ వద్దంటాంది.”

“ఆమె వద్దంటే ఆగిపోతాదా?”

“ఆగదు. నచ్చల్యా అనేది అభ్యంతరం కిందికి రాదు. కానీ తల్లి గదమ్మా. రెండు దినాలు నచ్చజెప్పి చూద్దామని.”

“ఆమెకు కావాల్సింది నేను కాదు, వేరే పిల్లా కాదు. మీ నడికట్టు.”

ఫాదర్ గారు ముడి వేయడం ఆపారు. “అది నాకూ కావాలమ్మా,” అన్నారు.

ఇలాంటి జవాబు నేను ఊహించలేదు. ఇవన్నీ లోక డంబాలు, మనకెందుకు అంటారనుకున్నాను.

“మా నాయన తోలు పని చేసేటోడు. నేను ఫాదర్ అయినాక గూడా తాలూకాఫీసులో ఇరవై ఏండ్లు నిలబడే మాట్లాడినా. జులైలో ఆ పట్టీ కట్టుకోని పోతే గుమాస్తా లేచి కుర్చీ ఏసినాడు. దాని అర్థం వానికి తెల్దు. నాకు గూడా సగమే తెల్సు. కుర్చీ మాత్రం ఏసినాడు.” మళ్లీ తాడు అందుకున్నారు. “సెమినరీలో మాకూ అట్లనే చెప్పినారు, పాపుగారితోనే పోతాదని. అందుకే తీసి పెట్టెలో పెట్టినా. ల్యాని మర్యాద కట్టుకోని తిరిగితే దొంగతనం గదా. నువ్వు పుస్తకంలో చూసినావంట గదా పాపా? ఏముందో సరిగ్గా చెప్పు.”

చెప్పాను. ఇంగ్లీషు వాక్యం కూడా చెప్పాను, ఒక్క మాట తప్పకుండా.

ఆయన తలూపారు. “ఐతే పోయినట్లే.”

“పోతే పోనీండి,” అంది అక్క. “నాకు ఫాదర్ చాలు. ఆదివారం మూడోది చదవండి. లేచిపోయేటోళ్ళు పోతారు, కూసునేటోళ్ళు కూసుంటారు. మత్తయి ఏ పక్కనో నేను గూడా చూడాల.”

ఆయన అడిగింది పుస్తకంలో ఏముందని. పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

సెప్టెంబరు 29

కొత్త పాపుగారు కూడా చనిపోయారు. ఎన్నికై నెల దాటీ దాటకముందే. సారమ్మత్త ఇది అపశకునమంటోందట.

అక్టోబరు 1, ఆదివారం. ఆళ్లగడ్డ

నాయన, అక్క, నేను వెనుక వరసలో కూర్చున్నాం. బావ ముందు, మగవాళ్ల వైపు. సారమ్మత్త ఆడవాళ్ల వైపు మొదటి వరస.

పూజ చివర ఫాదర్ గారు కాగితం తీసి చదివారు. చాగలమర్రి వాస్తవ్యుడు మత్తయి, ఆళ్లగడ్డ శాంతయ్య గారి పెద్ద కుమార్తె అరుణకుమారి. మూడవ చాటింపు.

సారమ్మత్త లేచింది. “చదువు స్వామీ, చదువు. నా చెవులు యాడో పోయినాయనుకుంటా,” అని నడిమధ్య దారిలో నడిచి బయటకు పోయింది. బావ పక్కకు రాగానే ఆగింది. గుడి మొత్తం బావ వైపు చూసింది. బావ తల వంచుకున్నాడు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు, లేవలేదు. ఆమె ఇంకొంచెం సేపు ఆగి పోయింది.

అక్క ఊపిరి నాకు వినిపించింది.

బయట బావ అక్కతో అన్నాడు. “తల్లి యాడికి పోతాది? వస్తాదిలే. రాకపోయినా పదకొండో తారీకే.”

అక్టోబరు 3

అక్క ట్రంకు పెట్టె సర్దుతోంది. పాడుతోంది. నా గౌను ఒకటి దొరికిందట, ఆరో తరగతిది. ఉంచాలా, ఎవరికైనా ఇవ్వాలా అని అడిగింది. నీ ఇష్టం అన్నాను.

అక్టోబరు 4, బుధవారం

పెళ్లి సామాన్లకు నాయన నంద్యాల వచ్చాడు. తింటూ చెప్పాడు.

“బడి గోడ పక్క స్థలం కొలిపించే పని ఉండె. ఫాదర్‌ను తోడు రమ్మని తాలూకాఫీసుకు పోతిమి. గుమాస్తా ఈయనను చూసి కుర్చీ ఏసినాడు. ఈయన కూసోల్యా. ‘వద్దప్పా, ఆ మర్యాద పోయింది నాకు’ అన్నాడు. గుమాస్తాకు ఏం అర్థమవుతాది? కుర్చీ అట్లనే ఉండాది, ఈయన దాని పక్కనే నిలబడుకోని పొద్దెక్కేదాంక మాట్లాడినాడు. నాకు నగు రాల్యా, ఏడుపు రాల్యా.”

అక్క “అయ్యో” అంది.

నేను మజ్జిగ తేవడానికి లేచాను. మజ్జిగ ముందే తెచ్చి పెట్టి ఉంది.

అక్టోబరు 6, శుక్రవారం. ఆళ్లగడ్డ

కాలేజీకి పోకుండా బస్సెక్కాను. ఫాదర్ గారు వరండాలో ఎవరికో సైకిలు చెయిను ఎక్కిస్తున్నారు. ఆ మనిషి పోయేదాకా నిలబడ్డాను.

“ఫాదర్ గారూ, మీ బిరుదు పోలేదు. ఆ నియమం తీసేశారంట. కర్నూలులో అడిగి సిస్టర్ ఫిలోమినా చెప్పింది.”

ఆయన చేతికి అంటిన నూనె గుడ్డకు తుడుచుకున్నారు. వేళ్ల మధ్య కూడా తుడుచుకున్నారు.

“నిజమేనా?”

“నిజమే.”

“ఎప్పుడు చెప్పింది?”

“పోయిన నెల. మొదటి చాటింపుకు ముందే.”

పందిరి వైపు చూశారు. తాడు పట్టుకుని నేను వాక్యం అప్పజెప్పింది అక్కడే. ఆయనకూ అదే గుర్తుకొచ్చిందని తెలిసింది. ఏదైనా అంటారని చూశాను. తిట్టినా బాగుండేది.

“ఎందుకు చెప్పల్యా అని నేను అడగను,” అన్నారు చివరికి. “అడిగితే నువ్వు ఏందో ఒగటి చెప్తావు. బాగా మాట్లాడతావు గదా.” ఆ మాట నొచ్చుకుంటూ కాక మామూలుగానే అన్నారు. “ఇన్ని దినాలు ల్యాదనుకోని తిరిగితిని. ఉండనే ఉండె!” ఉన్నట్టుండి నవ్వారు. “కుర్చీ కూడా ఏసినారు పాపా. కూసోల్యా నేను.”

లోపలికి పోయి పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. వట్టి చేతులతోనే తిరిగొచ్చారు.

“మీ అక్కకు చెప్పు. పెండ్లి దినం కట్టుకోవాల్నా వద్దా ఆ పాప చెప్పాల. దానివల్ల బాధపడింది ఆ పాపే.”

అదే రోజు, నంద్యాల

అక్కకు చెప్పాను. నియమం మారిందని సిస్టర్ చెప్పిందన్నాను. ఎప్పుడని అక్క అడగలేదు. నేను చెప్పలేదు.

అక్క మడతపెడుతున్న చీర పక్కన పెట్టింది. “కట్టుకోమను. ఆయనకు ఇష్టం.” తర్వాత అంది, “అత్తకు మాత్రం చెప్పాకు.”

“తెలిస్తే పరుగెత్తుకుంటూ వస్తుంది కదా?”

“అందుకే. నడికట్టు కోసరమైతే రానక్కరల్యా. కొడుకు కోసరమైతే రానీ.”

“రాకపోతే?”

“మత్తయి ఏడుస్తాడు. నేను పక్కన ఉంటా.”

అక్టోబరు 11, బుధవారం. ఆళ్లగడ్డ

పెళ్లి అయింది. వివరంగా రాయాలి.

పూజ సమయంలో పైన పూజవస్త్రం వేసుకుంటారు, నడికట్టు కనబడదు. కనబడేది ముందు, గుడి వాకిట్లో జంటను ఎదుర్కొనేటప్పుడే. ఫాదర్ గారు తెల్ల అంగీ, దాని మీద ఊదా పట్టీ కట్టుకుని మెట్ల మీద నిలబడ్డారు. పట్టీ ఎడమ పక్కన వేలాడే కుచ్చును మాటిమాటికీ సర్దుకుంటున్నారు. ఫోటోగ్రాఫరు ఒక్క ఫోటో అన్నాడు. నాయన అన్నాడు, “కట్టుకోని ఏం లాభం ఫాదర్, ఫోటోలో నల్లగానే పడతాది.” ఫాదర్ గారు “పడనీ, చూసినోళ్ళు చూసినారు” అన్నారు.

చాగలమర్రి వాళ్లు వచ్చారు. తోడికోడలు వచ్చింది. సారమ్మత్త రాలేదు. బావ వీధి మలుపు వైపు చూడటం మానలేదు. ఫాదర్ గారు ఇంకొంచెం ఆగుదామన్నారు.

అప్పుడు వచ్చింది. ఒక్కతే, పట్టుచీరలో, ఎవరి మొహమూ చూడకుండా, ఎవరో తరుముతున్నట్టు గబగబా నడుచుకుంటూ. నేరుగా కొడుకు దగ్గరకు పోయి అతని కాలరు సరిచేసింది. “తలకు నూనె గూడా పెట్టుకోల్యా. ఎవురూ ల్యానోని మాదిరి,” అంది. బావ తల వంచి ఇచ్చాడు. ఆమె కళ్లు తుడుచుకుని తలెత్తి మెట్ల వైపు చూసింది.

“యేమే లూదియా!” వాకిలంతా వినపడింది. “పోయిందంటివి గదే!”

“పోలేదత్తా. ఆ నియమం తీసేసినారంట.”

“ఎప్పుడు తెల్సిందే?”

నేను నోరు తెరిచేలోగా, అక్క వెనుక పూలబుట్టతో నిలబడ్డ సిస్టర్ ఫిలోమినా సంతోషంగా జవాబు చెప్పింది. “సెప్టెంబరులోనే చెప్పాను కదమ్మా ఈ పిల్లకు! ధ్యానకూటం నుంచి వచ్చిన రోజే.”

“సెప్టెంబరా? నెల దినాలు కడుపులో నిప్పులు పోసుకోని కూసుంటిని గదే, నోరు పడిపోయిందా నీకు?”

ఎవరో నవ్వారు. సంజీవయ్య తాత “చదువుకున్న పిల్ల, తీరిగ్గా చెప్తాదిలే” అన్నాడు. ఇంకొంతమంది నవ్వారు.

అక్క నా వైపు ఒకసారి చూసింది. తర్వాత తిరిగి ఫాదర్ గారి వైపు అడుగు వేసింది.

సారమ్మత్త అప్పటికే తోడికోడలి మోచేయి పట్టుకుని ముందుకు లాగుతోంది. “చూడు, బాగా చూడు. రోము నుంచి వచ్చిందది.”

పూజ, ప్రమాణాలు, ఉంగరాలు. అక్క గొంతు స్పష్టంగా వినిపించింది. నేను ఏ మాటా రాసుకోలేదు.

అక్టోబరు 12, గురువారం. ఆళ్లగడ్డ బస్టాండు నుంచి వచ్చాక

చాగలమర్రి బస్సు పదిన్నరకు. నాయన టీకొట్టు దగ్గర ఆగిపోయాడు. బావ బస్సు పైకెక్కి ట్రంకు పెట్టె కట్టిస్తున్నాడు. అక్క కిటికీ పక్కన కూర్చుంది. నేను కింద నిలబడ్డాను. పొద్దుటి నుంచి మేమిద్దరమే ఉన్న సమయం ఇదే.

“హాస్టల్లో దుప్పటి ఇయ్యరంట. నాది తీసుకోని పో,” అంది.

“సరే.”

“పోయిన నెల ఆదివారం నేను గోడ తిక్కు తిరిగి పండుకున్న్యా గదా. అప్పుడు తెలుసా నీకు?”

“తెలుసు.”

“ఫాదర్ అడిగినప్పుడు?”

“తెలుసు. నోటిమాట కదా అని, అచ్చులో చూశాక...”

“లూదీ.”

ఆపేశాను.

పైన పెట్టె లాగిన చప్పుడుకు బస్సు కప్పు అదిరింది. అక్క కిటికీ చువ్వ పట్టుకుని ఉంది. చేతికి గోరింటాకు బాగా పండింది.

“పోవద్దక్కా అని ఒగ మాట చెప్పుంటే ఐపోయేది గదే.”

“చెబితే ఉండేదానివా?”

“ఉండను,” అంది అక్క. “ఇద్దరం కూసోని ఏడ్చి ఉందుము. నువ్వట్ల, నేనిట్ల, ఒగే గదిలో నెల దినాలు ఒంటిగా ఉంటిమి.”

బావ దిగి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి బస్సెక్కాడు. కండక్టరు తలుపు వేశాడు. బస్సు కదిలాక అన్నాను, పోవద్దక్కా అని. ఇంజను మోతలో నాకే వినపడలేదు. అక్క కిటికీలోంచి తల బయట పెట్టి, ఏందీ అన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

నేను బస్సు పక్కన పరుగెత్తుతూ మళ్లీ చెప్పాను. ఈసారి గట్టిగా చెప్పాను. బస్టాండంతా తిరిగి చూసింది.